మొలలని ఉపేక్షింపరాదు
పెద్దప్రేవు కాన్సరును తొలిదశయందే గుర్తించుట – పంచాయతీ సభ్యుల కర్తవ్యము

నెల్లూరు పట్టణమునుండి పెన్నానది వంతెన దాటినంతనే కోవూరు ప్రాంతము మొదలగును. పెన్న నీటితో పండు వరిచేలు, కాలువలు, తూర్పున సముద్రతీరమువైపు చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఇచటి ప్రజల జీవనాధారములు. ఈ ప్రాంతమేగాదు, మన రాష్ట్రమున ఏ రహదారి వెంట పోయినను గోడలమీదను స్తంభములమీదను ఒక ప్రకటన తరచుగా కానవచ్చును. మొలలు, భగందరము మున్నగు వ్యాధులు శస్త్రచికిత్స లేకుండ కొద్ది దినములలో నయము చేయబడునని దాని సారాంశము. మలముతోపాటు రక్తము పడిన మనుష్యుడు సిగ్గుచేత ఇంటివారికైనను చెప్పక, ఆ ప్రకటనను చూచి అచ్చటికే పోవుట సర్వసాధారణమైయున్నది. అతనికి ఉన్నది నిజముగా మొలలే యైనచో ప్రాణభయము లేదు. కాని అది పెద్దప్రేవునకు గాని, పురీషనాళమునకు గాని పుట్టిన కాన్సరు, అనగా మన పెద్దలు రాచపుండు అని పిలిచిన వ్యాధి అయినచో, ఆ విధముగా గడచిపోయిన నెలలు మరల తిరిగి రావు.

ఒక రైతును ఉదాహరణముగా తీసికొందము. అతనికి ఏబది రెండు సంవత్సరములు. ఎడగారు నాట్లనాడు మలముతో కొంచెము రక్తము కనబడినది. వేడిచేసినదని మజ్జిగ త్రాగినాడు. నాలుగు దినములకు రక్తము ఆగినది. నెల తరువాత మరల కనబడగా, ఊరి వైద్యుడు మొలలని చెప్పి మాత్రలిచ్చినాడు. మరల ఆగినది. సంక్రాంతి నాటికి ఆయాసము, నీరసము ఏర్పడినవి. రక్తము తక్కువైనదని బలము మందు త్రాగించిరి. మరుసటి ఎడగారు వచ్చునప్పటికి ఒకనాటి రాత్రి కడుపు ఉబ్బి, మలము, వాయువు రెండును బంధింపబడి, అతనిని హుటాహుటిగా నెల్లూరు ఆసుపత్రికి కొనిపోవలసి వచ్చెను. అప్పటికి కణితి ప్రేవును మూసివేసినది. ఈ రైతు కల్పితుడే. కాని ఇట్టి కథ వినని శస్త్రవైద్యుడు మన రాష్ట్రమున ఉండడు. ఒక ఎడగారునుండి మరియొక ఎడగారు వరకు జరిగిన ఆ ఆలస్యమును తగ్గించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

వ్యాధి పుట్టు విధము

మనము తినిన ఆహారము చిన్నప్రేవులలో జీర్ణమైన తరువాత మిగిలిన పదార్థము పెద్దప్రేవును చేరును. పెద్దప్రేవు సుమారు ఐదడుగుల పొడవుండును. అందు నీరు ఇంకిపోయి మలము గట్టిపడును. దాని చివరిభాగము, సుమారు 12 మొదలు 15 సెంటీమీటర్ల పొడవు గలది, పురీషనాళము. ఈ ప్రేవు లోపలి పొరమీద కొందరికి వయస్సు మీరిన కొలది చిన్న చిన్న బొడిపెలు లేచును. వీనిని వైద్యులు పాలిపులని పిలుతురు. వీనిలో పెక్కింటివలన హాని లేదు. కొన్ని మాత్రము మెల్లమెల్లగా పెరిగి, సాధారణముగా పది సంవత్సరముల కాలములో కాన్సరుగా మారును.

ఈ పది సంవత్సరముల వ్యవధియే మనకు గొప్ప అవకాశము. బొడిపె దశలోనే దానిని తీసివేసినచో కాన్సరు పుట్టనే పుట్టదు. కాన్సరు పుట్టినను, అది ప్రేవుగోడను దాటకముందే శస్త్రచికిత్స జరిగినచో నూటికి 90 మంది వరకు ఐదేండ్లకు మించి జీవింతురు. కాలేయమునకు, ఊపిరితిత్తులకు ప్రాకిన తరువాత ఆ సంఖ్య మిక్కిలి తగ్గిపోవును. వ్యాధి ఒక్కటియే, మందులును అవియే. భేదమంతయు గుర్తించిన కాలమునందున్నది.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ కాన్సరు పరిశోధనా సంస్థ లెక్కల ప్రకారము 2022వ సంవత్సరమున ప్రపంచమందు 19 లక్షలకు పైగా జనులకు ఈ వ్యాధి క్రొత్తగా కనుగొనబడినది. 9 లక్షలకు పైగా మరణించిరి. మన దేశమున ఏటేట 65 వేలమందికి పైగా దీని వాత పడుచున్నారు. మన జనసంఖ్యనుబట్టి చూచినచో పాశ్చాత్య దేశములకన్న ఇచట వ్యాధి తక్కువయే. కాని వ్యాధి సోకినవారిలో బ్రదికి బయటపడువారు కూడ ఇచట తక్కువ. మనవారు ఆలస్యముగా వైద్యునికడకు పోవుటయే దీనికి ముఖ్యకారణములలో ఒకటి. ఇది ముసలివారికి మాత్రమే వచ్చునను భ్రమ కూడ విడువవలెను. మన దేశపు ఆసుపత్రులకు ఈ వ్యాధితో వచ్చువారిలో ఏబది ఏండ్లు నిండనివారు చాలమంది కలరు.

హెచ్చరిక చిహ్నములు

ఈ క్రింది చిహ్నములలో ఏ యొక్కటియైనను రెండు మూడు వారములకు మించి ఉన్నచో, లేక ఆగి ఆగి మరల కనబడుచున్నచో, వైద్యునికి తప్పక చూపవలెను.

మలముతో రక్తముగాని జిగటగాని పడుట. పూర్వపు అలవాటు మారి మలబద్ధముగాని విరేచనములుగాని, లేక ఒకదాని వెంట ఒకటిగాని కలుగుట. విసర్జన యైన తరువాతను ఇంకను మిగిలియున్నట్లు తోచుట. మలము సన్నని తీగవలె వచ్చుట. కడుపులో మెలిపెట్టు నొప్పి, ఉబ్బరము. కారణము లేకుండ బరువు తగ్గుట. కడుపులో గడ్డ చేతికి తగులుట.

వీనికి తోడు మరియొక చిహ్నము కలదు. దీనిని చాలమంది గమనింపరు. మగవారికిగాని, ముట్లుడిగిన స్త్రీలకుగాని ఇనుము లోపించి రక్తహీనత కలిగినచో, ఆ రక్తము ఎచ్చటికి పోవుచున్నదను ప్రశ్న వేసికొనవలెను. పెద్దప్రేవు కుడిభాగమున కాన్సరున్నవారికి రక్తము కంటికి కనబడక మలముతో కలసిపోవుచు, నీరసము మాత్రమే పైకి తెలియును. అట్టివారికి ఇనుపమాత్రలిచ్చి ఊరకుండుట చాలదు. ఇనుపమాత్రలు వాడునప్పుడు మలము నల్లబడుట సహజము, దానికి భయపడనక్కరలేదు. మాత్రలు వాడకయే మలము తారువలె నల్లగా, జిగురుగా వచ్చినచో మాత్రము అది కడుపులో రక్తస్రావమునకు గుర్తు.

రక్తము ఎఱ్ఱగా బొట్టుబొట్టుగా పడినచో మొలలనియు, నల్లగా ఉన్నచో కాన్సరనియు కొందరు చెప్పుదురు. ఇది నమ్మదగిన మాట కాదు. పురీషనాళపు కాన్సరువలన కూడ ఎఱ్ఱని రక్తమే పడును. పైగా మొలలు ఉన్నంతమాత్రమున కాన్సరు ఉండరాదను నియమము లేదు. రెండును ఒక్కనికే ఉండవచ్చును. మందు వేసికొనగా రక్తము ఆగినదనుట కూడ నిదర్శనము కాదు. కణితినుండి కారు రక్తము తనంతట తానే ఆగి ఆగి వచ్చుచుండును.

కనుక మొలలని ఎవరు చెప్పినను, పరీక్షించి చెప్పిరా, చూడకయే చెప్పిరా అని అడుగవలెను. చేతికి తొడుగు వేసికొని వైద్యుడు వ్రేలితో చేయు పరీక్ష ఒక నిమిషములో ముగియును. దానికి ఖర్చు లేదు. మన దేశపు రోగులలో పురీషనాళపు కాన్సరు పాలు అధికము గనుక, చాలమందికి ఆ వ్రేలికే కణితి తగులును. ఈ పరీక్షకు సిగ్గుపడి ప్రాణము పోగొట్టుకొనుట తగునా?

మరుగుదొడ్డి కల్పించిన అవకాశము

ఒకప్పుడు మన గ్రామీణులు తెల్లవారుజామున చీకటిలో పొలముగట్లకు పోవుచుండిరి. మలములో రక్తమున్నను కనబడు వీలు లేదు. 2014 అక్టోబరు 2న ఆరంభమైన స్వచ్ఛభారత్ ఉద్యమము పిమ్మట ఇంటింట మరుగుదొడ్లు వెలసినవి. వీనిని కట్టించుటలో పంచాయతీలు పాటుపడినవి. అంటువ్యాధులను అరికట్టుటకై కట్టిన ఈ మరుగుదొడ్డి మరియొక మేలుకూడ చేయగలదు. తెల్లని పళ్ళెముమీద రక్తము స్పష్టముగా కనబడును. నీరు పోయుటకు ముందు ఒక్కసారి చూచుట అలవాటు చేసికొనుడని ప్రజలకు చెప్పవలెను. మరుగుదొడ్డిలో దీపము లేనిచోట దీపము పెట్టించుట కూడ ఆరోగ్యకార్యమే.

పరీక్షలు

ఏ చిహ్నములును లేనివారిలో వ్యాధిని ముందుగా పట్టుకొనుటకు రెండు ముఖ్య పరీక్షలు కలవు. మొదటిది కంటికి కనబడని రక్తమునకై మలమును పరీక్షించుట. కొంచెము మలమును చిన్న గొట్టములో ఇచ్చిన చాలును. ఇందు రక్తమున్నదని తేలినంతమాత్రమున కాన్సరున్నదని అర్థము కాదు. రెండవ పరీక్ష అవసరమని మాత్రమే అర్థము. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున 46 వేలమందికి పైగా జనులతో నడచిన పరిశోధన ఫలితములు 1993లో ప్రకటింపబడినవి. ఏటేట ఈ మల పరీక్ష చేయించుకొన్నవారిలో ఈ కాన్సరువలని మరణములు మూడవవంతు తగ్గినట్లు తేలినది. జపాను దేశము 1992నుండి నలువది ఏండ్లు దాటిన తన ప్రజలకు ఇట్టి పరీక్షను ఏటేట జరుపుచున్నది.

రెండవది కొలనోస్కోపీ. ముందురోజు విరేచనపు మందు త్రాగించి ప్రేవును శుభ్రపరతురు. పిదప మత్తు ఇచ్చి, కొసయందు దీపము, కెమేరా గల మెత్తని సన్నని గొట్టమును ఆసనమార్గమున పంపి పెద్దప్రేవునంతయు చూతురు. బొడిపె కనబడినచో అప్పుడే తీసివేయుదురు. అనుమానాస్పదమైన పుండు కనబడినచో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదురు. ముక్క తీసినచో కాన్సరు ప్రాకునని జనులలో ఒక భయము కలదు. అది నిరాధారము. ముక్క పరీక్ష లేనిదే వ్యాధి నిర్ధారణ లేదు. నిర్ధారణ లేనిదే చికిత్స లేదు.

ఇచట పంచాయతీ సభ్యులు ఒక విషయమును స్పష్టముగా తెలిసికొనవలెను. మన రాష్ట్ర ప్రభుత్వము 2024 నవంబరులో ఆరంభించిన ఇంటింటి ఆరోగ్య పరిశీలనయందు నోటి కాన్సరు, రొమ్ము కాన్సరు, గర్భాశయ ముఖద్వారపు కాన్సరులకై పరిశీలన జరిగినది. జాతీయ కార్యక్రమమునందు కూడ 30 ఏండ్లు దాటినవారికై నిర్దేశింపబడినవి ఈ మూడే. పెద్దప్రేవు కాన్సరు ఆ జాబితాలో లేదు. కాబట్టి ఇంటికి వచ్చి పరీక్షించి పోయిరి గదా, నాకేమియు లేదని ఎవరును ధైర్యపడరాదు. ఈ వ్యాధి విషయమున రోగియే తన చిహ్నములను గుర్తించి నోరువిప్పి చెప్పవలెను.

తల్లిదండ్రులకుగాని, తోబుట్టువులకుగాని, బిడ్డలకుగాని ఈ వ్యాధి వచ్చినవారు మరింత జాగరూకులై యుండవలెను. చిహ్నములు లేకున్నను నలువదవ ఏటనుండి, లేక ఆ బంధువునకు వ్యాధి కనబడిన వయస్సునకు పది సంవత్సరములు ముందునుండి, ఏది ముందయిన దానినిబట్టి, కొలనోస్కోపీ చేయించుకొనుట మంచిది. చిరకాలముగా ప్రేవుపూతతో బాధపడువారు కూడ వైద్యుని సలహాననుసరించి పరీక్ష చేయించుకొనవలెను.

చికిత్స దొరకు చోట్లు

ఈ వ్యాధికి ప్రధాన చికిత్స శస్త్రచికిత్స. వ్యాధి దశనుబట్టి దానికి ముందుగాని వెనుకగాని మందుల చికిత్సయు, పురీషనాళపు కాన్సరునకు కిరణచికిత్సయు జరుపుదురు.

నెల్లూరు ప్రజలు కాన్సరు చికిత్సకై చిరకాలముగా మదరాసు రైలెక్కుచున్నారు. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారి కృషివలన అడయారులో 1954లో వెలసిన కాన్సరు సంస్థ ఇందులకు ముఖ్యమైన ఆశ్రయమైనది. 1955లో హైదరాబాదున మెహదీ నవాజ్ జంగ్ గారి పేర కాన్సరు ఆసుపత్రి ఏర్పడెను. నేడు అంతదూరము పోకయే సహాయము లభించు అవకాశము పెరిగినది. నెల్లూరున ప్రభుత్వ వైద్యకళాశాలకు అనుబంధముగా సర్వజన ఆసుపత్రియు, రెడ్‌క్రాస్ సంఘమువారి కాన్సరు ఆసుపత్రియు కలవు. తిరుపతిలో టాటా ట్రస్టుల సహకారముతో నిర్మింపబడిన శ్రీ వేంకటేశ్వర కాన్సరు వైద్యసంస్థ 2022 మే 5న ప్రారంభమైనది.

ఖర్చునకు భయపడి రోగిని ఇంటియందే ఉంచుట తగదు. 2007లో ఆరోగ్యశ్రీ పేర ఆరంభమై, నేడు డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్యసేవగా సాగుచున్న పథకమునందు కాన్సరు చికిత్సలు చేరియున్నవి. పోదలచిన ఆసుపత్రి పథకపు జాబితాలో ఉన్నదో లేదో 104 నంబరునకు ఫోను చేసి ముందుగా తెలిసికొనవలెను. 70 ఏండ్లు నిండినవారికి 2024 అక్టోబరునుండి ఆయుష్మాన్ భారత్ పథకము ఆదాయముతో నిమిత్తము లేకుండ వర్తించుచున్నది. చికిత్సకై పోవు కాన్సరు రోగికి రైలు స్లీపరు తరగతిలో టిక్కెట్టు పూర్తిగా ఉచితము. వెంట పోవు ఒకరికి నూటికి 75 వంతుల రాయితీ కలదు. ఆసుపత్రి వైద్యుడు నిర్ణీత పత్రముమీద సంతకము చేసి ఇచ్చిన చాలును. పడుగుపాడులోగాని నెల్లూరులోగాని రైలెక్కు మన రోగులలో ఎందరికి ఈ సంగతి తెలియును?

రోగికి అండగా నిలుచుట

కణితి ఆసనమునకు మిక్కిలి దగ్గరగా ఉన్నప్పుడు, లేక ప్రేవు మూసికొనిపోయినప్పుడు, వైద్యులు ప్రేవు కొసను పొట్టమీదికి తెచ్చి ద్వారమును ఏర్పరతురు. మలము అచ్చట తగిలించిన సంచిలో చేరును. కొందరికి ఇది కొన్ని నెలలు మాత్రమే, తరువాత మూసివేయుదురు. మరికొందరికి జీవితాంతము ఉండును.

ఈ సంచి మాట వినగానే శస్త్రచికిత్సయే వలదని ఇంటికి తిరిగివచ్చు రోగులు కలరు. చికిత్స పొందినవారును కొందరు నలుగురిలోనికి రాక, పెండ్లిండ్లకు పోక, గదిలో మూల కూర్చుందురు. ఇది శోచనీయము. ఆ ద్వారము పెదవి లోపలివైపువలె ఎఱ్ఱగా, తడిగా ఉండును. దానిని తాకినను నొప్పి ఉండదు. సంచి సరిగా అమర్చినచో వాసన రాదు. స్నానము చేయవచ్చును, ప్రయాణము చేయవచ్చును, గుడికి పోవచ్చును. గాయము మానిన పిదప పని చేసికొనవచ్చును. మొదటి కొన్ని నెలలు మాత్రము బరువులెత్తరాదు. సంచిని కొద్ది దినములకొకసారి మార్చుచు, చుట్టును ఉన్న చర్మమును నీటితో కడిగి ఆరబెట్టి కాపాడుకొనవలెను.

కాన్సరు అంటువ్యాధి కాదు. రోగి కంచము, చాప, గ్లాసు వేరుచేయుట అజ్ఞానము. ఈ వ్యాధి పూర్వజన్మ పాపఫలమనుట క్రూరము. రోగి కుటుంబమునకు మందులకన్న ముందు కావలసినవి కొన్ని కలవు: ఆసుపత్రికి వెంటపోవు తోడు, ఆ దినములలో పశువులను చూచు మనిషి, పిల్లలకింత అన్నము. ఈ సహాయమును ఇరుగుపొరుగువారు తప్ప మరియెవరు చేయగలరు? చికిత్స ముగిసిన తరువాతను ఐదేండ్ల వరకు వైద్యుడు చెప్పిన గడువులకు పరీక్షలకు పోవలెను. నయము కాని దశకు చేరినవారికి కూడ నొప్పిని తగ్గించు మందులు కలవు. మార్ఫిన్ మందు రోగులకు సులభముగా అందుటకై 2014లో చట్టము సవరింపబడినది. నొప్పితో మూలుగుచు మరణింపవలసిన అవసరము ఎవరికిని లేదు.

నివారణ

పొగాకు, మద్యము, స్థూలకాయము, శరీరశ్రమ లేకుండుట ఈ వ్యాధికి దోహదము చేయును. నాట్లకు, కోతలకు యంత్రములు వచ్చిన పిమ్మట మన రైతుల శ్రమ తగ్గినది. తినెడి తిండి మాత్రము తగ్గలేదు. మరబట్టిన తెల్లని బియ్యముతోపాటు సజ్జలు, రాగులు, పప్పులు, ఆకుకూరలు, పండ్లు తినవలెను. పీచుగల ఆహారము ప్రేవునకు మేలు చేయును. నిలువచేసిన మాంసపదార్థములు ఈ కాన్సరునకు కారణమగునని 2015లో అంతర్జాతీయ సంస్థ తేల్చినది. మన తీరమున దొరకు చేపలకు ఆ దోషము లేదు.

పంచాయతీ చేయదగిన పనులు

1. రాబోవు గ్రామసభలో ఈ వ్యాధి చిహ్నములను చదివి వినిపింపవలెను. ఫిబ్రవరి 4 ప్రపంచ కాన్సరు దినము. మార్చి ఈ వ్యాధిని గూర్చిన ప్రచారమునకై కేటాయింపబడిన మాసము. ఆ దినములలో వైద్యాధికారిని పిలిపింపవలెను. స్త్రీలకు వేరుగా ఏ.ఎన్.ఎం.చేతను, ఆశా కార్యకర్తచేతను చెప్పింపవలెను. ఇట్టి విషయములు మగవారి నడుమ వారు మాటలాడజాలరు.

2. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీ సమావేశమునందు ఒక ప్రశ్నను నియమముగా పెట్టుకొనవలెను: ఈ నెలలో మలముతో రక్తము పడుచున్నదని చెప్పిన వారెవరైన ఉన్నారా, వారిని ఆసుపత్రికి పంపితిమా? పేర్లు మాత్రము బహిరంగము చేయరాదు.

3. గ్రామమున వైద్యము చేయువారితో స్నేహముగా మాటలాడవలెను. పాత కోవూరు తాలూకాలోని అలగానిపాడువారైన పుచ్చలపల్లి సుందరయ్యగారి సోదరులు డాక్టరు రామచంద్రారెడ్డిగారు నెల్లూరున ప్రజావైద్యశాలను నడపుచు, గ్రామములలో వైద్యము చేయువారికి శిక్షణనిచ్చిరి. ఊరి వైద్యుడే రోగికి మొదటి ద్వారమని వారు గ్రహించిన సత్యము నేటికిని సత్యమే. నలువది ఏండ్లు దాటినవారికి రక్తము పడినచో మొలల మందిచ్చి ఉంచుకొనక వెంటనే పెద్ద ఆసుపత్రికి పంపుడని వారిని కోరవలెను.

4. పథకపు కార్డు, రైలు రాయితీ పత్రము మున్నగు వాని విషయమున రోగికి సహాయపడుటకు సచివాలయ సిబ్బందిలో ఒకరిని నియమింపవలెను.

5. చికిత్స పొంది ఆరోగ్యముగా ఉన్నవారు గ్రామమున ఉండి, వారు ఇష్టపడినచో, క్రొత్త రోగితో మాటలాడింపవలెను. వైద్యుని పది మాటలకన్న అట్టివారి ఒక్క మాట ఎక్కువ ధైర్యమునిచ్చును.

ఈ పనులకు పెద్ద నిధులు అక్కరలేదు. కాలువకు గండిపడినప్పుడు, మొదట కనబడిన చెమ్మకే నాలుగు తట్టల మట్టి వేసినవాడు తన చేనునే గాక ఊరి చేలన్నిటిని కాపాడును. గండి పెద్దదైన పిమ్మట ఎన్ని బండ్ల మట్టియైనను చాలదు. పెన్న కాలువల క్రింద సేద్యము చేయు మనకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. శరీరము విషయమునను అదియే న్యాయము. తమ గ్రామమున ఒక్క మనిషియైనను సిగ్గుచేతగాని, తెలియకగాని ఈ వ్యాధిని ఏడాది పొడవున దాచుకొనకుండునట్లు చేయగలిగిన పంచాయతీ, ఒక కుటుంబమును నిలబెట్టినదగును.